నూట పన్నెండో కార్డు

న్యూ బెడ్‌ఫర్డ్‌లో ఏప్రిల్ అంటే
మేడమెట్ల మీద తడిబూట్లు,
రేవు నుంచి కొట్టే డీజిలు వాసన,
వంటింటి బల్ల మీద ఐదున్నర శతాబ్దాల యూరప్.

పరీక్షకి పదిహేడు రోజులుంది.
నూట పదకొండు కార్డులు రాసుకున్నాను.
రాజులకి నీలం సిరా, తిరుగుబాట్లకి ఎరుపు,
సంధులకి పెన్సిలు,
ఎలాగూ చెరిపేస్తారు కదా అని.

అప్పజెప్పించుకునేది మా వవో.
నాన్నమ్మని మేమలాగే పిలుస్తాం, అజోర్స్ దీవుల మాట.
ఆవిడకి ఇంగ్లీషు చదవడం రాదు.
ప్రశ్న నావైపు తిప్పి, జవాబు తనవైపు ఉంచుకుని,
చేపల కొట్లో మొప్పలు ఎత్తి చూసినట్టు
నా మొహం చూస్తుంది.
టక్కున చెబితే ఒప్పు.
నీళ్ళు నమిలానా, తప్పు.
పదింట తొమ్మిదిసార్లు ఆవిడ తీర్పే నిజం.

వెస్ట్‌ఫేలియా?
పదహారువందల నలభై ఎనిమిది.
ఒప్పు.
వియన్నా సమావేశం?
పద్దెనిమిదివందల పద్నాలుగు... కాదు, పదిహేను...
"తప్పు."
పద్నాలుగులో మొదలై పదిహేనులో ముగిసింది వవో, రెండూ ఒప్పే.
"రెండు జవాబులున్నవాడికి ఒక్కటీ లేనట్టే,"
అంది, కార్డు పక్కన పడేసి.

టోర్డెసియాస్ దగ్గరికొచ్చేసరికి నాన్న వచ్చాడు,
స్కాలప్ పడవ దిగి, పన్నెండు రోజుల గడ్డంతో.
ఇద్దరు రాజులు సముద్రానికి అడ్డంగా గీత గీసి
అటు నీకు ఇటు నాకు అనుకున్నారని చెప్పాను.
ఇంకా ఎవరూ చూడని నేలక్కూడా వాటాలు.
ఆలూ లేదు చూలూ లేదు, అప్పుడే పంపకాలు.
నాన్న అరచేతిలో కత్తిగాట్లు తడుముకున్నాడు.
"ఇన్నేళ్ళలో ఆ గీత నాకెప్పుడూ తగల్లేదే!"
సూప్ గిన్నె దగ్గరికి లాక్కున్నాడు.

ఓడలకి రెండు పేజీలు. లిస్బన్ భూకంపానికి ఒక పేరా.
ఆ తర్వాత పోర్చుగల్ పుస్తకంలోంచి లేచి వెళ్ళిపోతుంది,
పెళ్ళిలో ఎవరూ పలకరించని చుట్టంలా.
చిట్టచివర్న, పంతొమ్మిదివందల డెబ్బై నాలుగు:
తుపాకీ గొట్టాల్లో ఎర్రపూలు, నియంతృత్వం పతనం.
అర వాక్యం.
మిగతా సగం స్పెయిన్ తీసుకుంది.
అర వాక్యానికి కార్డెందుకులే అని రాయలేదు.

ఆ రాత్రి కట్టకి రబ్బరు బ్యాండు వేస్తుంటే
వవో అడిగింది: "ఇందులో గినీ ఉందా?"
లేదన్నాను. అది ఆఫ్రికా కదా, ఇది యూరప్ పరీక్ష.
ఆవిడ వాదించలేదు.
ఖాళీ కార్డు ఒకటి తీసుకుని,
నీలమూ కాదు, ఎరుపూ కాదు, పెన్సిలూ కాదు,
సరుకుల చీటీ రాసే పెన్నుతో
అడెలీనో అని రాసింది. కింద 1968.
రెండో పక్క ఏమీ రాయలేదు.

తమ్ముడు. ఫయాల్ దీవిలో ఆవులు కాసేవాడు.
పొమ్మంటే వెళ్ళాడు, ఎవరిదో అడవిలోకి, తుపాకీతో.
పూలు పూసింది ఇంకో ఆరేళ్ళకి.

మిస్ పెల్టియర్ క్లాసులో నేర్పిన పద్ధతి ఒకటుంది.
పాత కాగితం చేతికొస్తే ముందు అడగాలి:
రాసిందెవరు? ఎప్పుడు? ఎందుకు? ఎవరి కోసం?
మూడింటికి మనసులోనే జవాబు రాసుకున్నాను.
నాలుగోదాని దగ్గర నీళ్ళు నమిలాను.
వవో ఆ పూట నా మొహం చూడలేదు.

పరీక్ష జిమ్‌లో పెట్టారు,
బాస్కెట్‌బాల్ వలల కింద నలభై మందిమి.
ఏడు పత్రాలిచ్చారు: మిల్లు యజమాని సాక్ష్యం,
ఒక మతగురువు ఉత్తరం, పొగగొట్టాల కార్టూను...
చెయ్యి నొప్పెట్టేదాకా రాశాను.
వియన్నా వచ్చింది.
పదిహేను అని రాశాను, ఒక్కటే జవాబు.

ఇంటికెళ్ళేసరికి వవో సింకు దగ్గర
కేల్ ఆకు కడుగుతోంది. ఇటు తిరగలేదు.
"మా అడెలీనో వచ్చాడా?"

"రాలేదు, వవో."

"ఊఁ," అంది.
కుళాయి ఇంకాస్త పెద్దగా తిప్పింది.